దురద మాత్ర ఆందోళనకు పనిచేస్తుందా?

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. పొదిలి దగ్గర పల్లెలో పొగాకు సాగు చేస్తాను. అప్పుల వల్ల, వేలంలో ధర ఎలా పలుకుతుందోనన్న బెంగ వల్ల ఏడాదిగా గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమితో బాధపడుతున్నాను. డాక్టరు గారు హైడ్రాక్సిజిన్ 25 మి.గ్రా. మాత్ర రాత్రిపూట వేసుకోమని పదిహేను రోజులకు రాశారు. హాయిగా ఉందని, పాత చీటీ చూపించి మూడు నెలలుగా కొంటున్నాను. అది దద్దుర్లకు వాడే మాత్ర అని మందుల షాపులో అన్నారు. పొద్దున్నే మత్తుగా ఉంటోంది, నోరెండిపోతోంది. ఈ మాత్రకు అలవాటు పడిపోతానా? నిద్ర పట్టని మా నాన్నగారికి (72) కూడా ఇవ్వవచ్చా?
– ఒక రైతు, పొదిలి ప్రాంతం

జవాబు: షాపులో చెప్పింది నిజమే, డాక్టరు గారు రాసిందీ సరైనదే. చర్మంలో దురద పుట్టించే హిస్టమిన్ అనే పదార్థమే మెదడులో మనల్ని మెలకువగా, చురుకుగా ఉంచుతుంది. 1956 నుంచి వాడుకలో ఉన్న ఈ పాతతరం మందు మెదడులోకి చేరి హిస్టమిన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి గంటలోపే మనసు కుదుటపడినట్టు అనిపిస్తుంది. ఇదే కోవకు చెందిన, జలుబుకు వాడే సెటిరిజిన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు కనుక అది ఆందోళనకు పనికిరాదు.

వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2010లో వెలువరించిన సమీక్ష ప్రకారం, ఆందోళన తగ్గించడంలో హైడ్రాక్సిజిన్ మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే. కానీ దాన్నే మొదటి మందుగా వాడమని చెప్పడానికి తగిన ఆధారాలు లేవు. ఆందోళనకు వాడే అల్ప్రజోలం వంటి మాత్రల మాదిరిగా ఇది బానిసను చేయదు. డాక్టర్లు దీన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే. అయితే అలవాటు కాదు గనుక ఎన్నాళ్లయినా మింగవచ్చనుకోవడం పొరపాటు.

మీ పొద్దుటి మత్తుకు కారణం ఉంది. మందులో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 20 గంటలు పడుతుంది. నిన్నటిది పూర్తిగా పోకముందే ఈ రాత్రిది తోడవుతుంది. అర్ధరాత్రి లేచి, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ పొయ్యిలో కట్టెలు ఎగదోసి, థర్మామీటరులో వేడి చూసుకోవలసిన మీకు ఆ మత్తు చాలా ప్రమాదకరం. మగత ఉన్నంతసేపు నిప్పు దగ్గరికి వెళ్లకండి, ట్రాక్టరు ఎక్కకండి. ఈ మాత్ర వాడుతూ మద్యం ముట్టుకోవద్దు. నోరెండడం, మలబద్ధకం మామూలుగా వచ్చేవే. అరుదుగా గుండె లయ కూడా తప్పుతుంది. అందుకే 2015లో యూరప్ మందుల సంస్థ పెద్దలకు రోజుకు 100, వృద్ధులకు 50 మి.గ్రా. మించకూడదని హద్దు పెట్టింది. గుండె జబ్బు ఉన్నా, అజిత్రోమైసిన్ (యాంటీబయాటిక్) వంటి గుండె లయపై ప్రభావం చూపే మందులు వాడుతున్నా ముందే డాక్టరుకు చెప్పి ఈసీజీ తీయించుకోవాలి. కళ్లు తిరిగి పడిపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీ నాన్నగారికి మాత్రం దయచేసి ఇవ్వకండి. ఆ వయసులో ఈ మందు ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. మతి తడబడటం, రాత్రి మూత్రానికి లేచి తూలిపడటం, ప్రోస్టేట్ వాపు ఉంటే మూత్రం బిగుసుకుపోవడం జరగవచ్చు. ఆయనకు నిద్ర ఎందుకు పట్టడం లేదో విడిగా చూపించాలి.

ఇక మీ విషయం. ఏడాదిగా వేధిస్తున్న ఆందోళనకు రాత్రి మాత్ర ఒక్కటే చాలదు. ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, ఎందుకంటే దడ, వణుకు దాని వల్ల కూడా వస్తాయి. ఆ తర్వాత మానసిక వైద్యులు సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు రాయవచ్చు. వాటి గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి రెండు రోజులకే మానేయవద్దు. ఎస్సిటలోప్రామ్ కూడా గుండె లయపై ప్రభావం చూపవచ్చు గనుక డాక్టరు చెప్పకుండా దాన్ని హైడ్రాక్సిజిన్‌తో కలపకూడదు. భయపు ఆలోచనలను పట్టుకుని సరిదిద్దడం నేర్పే కౌన్సెలింగ్ కూడా మందులకు తీసిపోదు. అప్పు మాత్రతో తీరదని నాకూ తెలుసు, కానీ నిద్రపోయిన మనిషి బ్యాంకు వాళ్లతో స్థిమితంగా మాట్లాడగలడు. బతుకు మీద విరక్తి కలిగితే ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: ఆందోళనకు ఇదే మాత్ర వాడుతున్నాను. ఇప్పుడు నేను గర్భవతిని, రెండో నెల. కొనసాగించవచ్చా?
– ఒక సోదరి, కావలి

జవాబు: వద్దమ్మా. గర్భం తొలి నెలల్లో దీన్ని వాడకూడదు. ఇప్పటిదాకా వేసుకున్నందుకు కంగారు పడకండి, కానీ రేపే మీ గైనకాలజిస్టును కలిసి మాత్రల అట్ట చూపించి, ఎన్నాళ్లు వాడారో చెప్పండి. మందు లేకుండా కౌన్సెలింగ్‌తో సర్దుకుంటుందో, గర్భిణులకు తగిన వేరే మందు కావాలో వారు నిర్ణయిస్తారు.