నల్లరేగడి మీద వాకిటి మెట్లు: డిపాజిట్ తీయాలా, చీటీ పాడుకోవాలా?

గుంటూరు గోరంట్ల నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరంలోని సారాంశం ఇది. 2009లో కట్టుకున్న ఇంటికి ముందు అయిదు కాంక్రీటు మెట్లున్నాయి. అవి ఇంటి గోడ నుంచి విడిపోయి ముందుకు ఒరిగాయి. 2016లో 6,000 రూపాయలతో సందును సిమెంటుతో పూడ్పించారు. 2021లో 38,000 పెట్టి పైన గ్రానైట్ వేయించారు. ఇప్పుడు మళ్ళీ అదే పరిస్థితి. మేస్త్రి 45,000 అడుగుతున్నారు. ఒక ఇంజనీరు పూర్తిగా తీసి కొత్తగా కట్టడానికి 1,10,000 అంచనా ఇచ్చారు. భర్తగారి పింఛను 41,000, ఇంటి ఖర్చు 36,000. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో 2023 జులైలో వేసిన 15 లక్షలున్నాయి. ఆ వడ్డీతో 2 లక్షల చీటీ కడుతున్నారు. సేవింగ్స్ ఖాతాలో 1,42,000 ఉంది. డిపాజిట్ మూసేయాలా, చీటీ పాడుకోవాలా, బంగారం తాకట్టు పెట్టాలా, ఇంటి బీమా నుంచి ఏమైనా వస్తుందా అన్నవి వారి ప్రశ్నలు. ఇంట్లో 82 ఏళ్ళ అత్తగారున్నారు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం డబ్బు గురించినది కాదు. "మే నెలలో ఆ సందులో రెండు వేళ్ళు పట్టేవి, వానలు పడ్డాక ఇప్పుడు ఒక వేలే పడుతోంది, అదే సర్దుకుంటోందని మేస్త్రి అంటున్నారు" అని రాశారు. ఆ సందు సర్దుకోవడం లేదు. కింద ఉన్న నల్లరేగడి నీళ్ళు తాగి ఉబ్బి మెట్లను పైకి లేపింది. రోహిణి కార్తె ఎండలకు అదే మట్టి నెర్రెలు విచ్చి కుంగినప్పుడు మెట్లు మళ్ళీ ఒరుగుతాయి, రెండు వేళ్ళ సందు తిరిగి వస్తుంది. పునాది పక్కన పోసిన మట్టి సరిగా దిమ్మిస కొట్టక కుంగడమే కారణమైతే సందు ఏటా పెరగాలి తప్ప వానాకాలంలో తగ్గకూడదు. కాబట్టి ఏ నిర్ణయం తీసుకునే ముందైనా ఒక చిన్న పని చేయండి. సందుకు రెండు వైపులా పెన్సిలుతో గీత గీసి, ప్రతి నెలా ఒకటో తారీఖున స్కేలుతో కొలిచి, ఆ అంకెను క్యాలెండరు మీద తేదీ పక్కనే రాయండి. జనవరి నాటికి ఆరు అంకెలుంటాయి. ఏ మేస్త్రితో మాట్లాడటానికైనా అవి మీకు గట్టి ఆధారమవుతాయి.

ఇల్లు నిలబడి మెట్లు మాత్రమే ఎందుకు కదులుతున్నాయన్నది తెలిస్తే రెండు అంచనాల మధ్య తేడా తనంతట తానే అర్థమవుతుంది. ఇంటి పునాది లోతుకు వెళ్ళింది, దాని మీద ఇంటి బరువంతా ఉంది, పైగా ఇంటి కింద ఉన్న మట్టిలో తేమ ఏడాది పొడవునా పెద్దగా మారదు. మెట్లు మాత్రం సాధారణంగా అడుగు లోతు బెడ్ మీద, అదీ పునాది తవ్వినప్పుడు తిరిగి పోసిన మట్టి మీద, ఎండకూ వానకూ నేరుగా గురయ్యే అంచున కూర్చుంటాయి. నల్లరేగడిలో తేమ మార్పు 3 నుంచి 3.5 మీటర్ల లోతు దాకా కనిపిస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే మీ మెట్లు కదిలే పొర మీద తేలుతున్నట్టే. విజయవాడలో మా ఇంటి గేటు గడియ వేసవిలో సాఫీగా పడుతుంది, ఆగస్టులో రంధ్రానికి అరంగుళం పైన నిలుస్తుంది. ఈ ప్రాంతంలో ఇలాంటివి చూడని ఇల్లు తక్కువ.

2016లో చేయించిన సిమెంటు పూడిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మళ్ళీ అదే చేయిస్తారేమోనని నా భయం. వేసవిలో విచ్చుకున్న సందును గట్టి సిమెంటుతో నింపితే, వానాకాలంలో మెట్లు తిరిగి వెనక్కి రావడానికి చోటుండదు. ఆ పూడిక మేకులా మారి ఇంటి గోడను నెడుతుంది. మెట్ల దగ్గర గోడ పూతలో వచ్చిందని మీరు రాసిన అడ్డ పగులుకు ఇదే కారణమై ఉండవచ్చు. దాన్ని ఇంజనీరుకు తప్పక చూపించండి.

ఇప్పుడు అంచనాల సంగతి. మేస్త్రి అడిగిన 45,000లో 32,000 కొత్త గ్రానైట్‌కు, మిగిలినది కూలికీ సిమెంటుకూ పోతోంది. నేల కిందకు ఒక్క రూపాయి కూడా వెళ్ళడం లేదు. ఇంజనీరు కాగితంలో పాతవి పగలగొట్టి తవ్వి తీసుకెళ్ళడానికి 14,000, గ్రావెల్ తోలి దిమ్మిస కొట్టడానికి 16,000, ఇనుము, కాంక్రీటు, సెంట్రింగు, కూలి కలిపి 30,000, చేతిపట్టుకు 12,000, ఇంటి అంచున నీరు నిలవకుండా కాంక్రీటు పట్టీకీ కాలువకూ 10,000, గ్రానైట్‌కు 28,000 ఉన్నాయి. నా సలహా ఏమిటంటే గ్రానైట్‌ను ఈసారికి పూర్తిగా కొట్టివేయండి, మిగిలిన 82,000లో ఒక్క పైసా తగ్గించవద్దు. కాంక్రీటు పచ్చిగా ఉండగా చీపురుతో అడ్డగీతలు గీయిస్తే కాలు జారని మెట్లు అక్కడికక్కడే తయారవుతాయి. నున్నటి గ్రానైట్ మీద వాన నీళ్ళు పడ్డప్పుడు మీ అత్తగారు దిగే దృశ్యం ఊహించుకుంటే అది లేకపోవడమే మంచిదనిపిస్తుంది. చేతిపట్టు మాత్రం అలంకారం కాదు, అది తప్పనిసరి. రెండు వానాకాలాలు గడిచాక మెట్లు నిలబడ్డాయని రుజువైతే, అప్పుడు గరుకు రాయి వేయించుకోవచ్చు.

45,000 చవక, 82,000 ఖరీదు అన్న లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. ఇప్పటివరకు మీ అనుభవం ప్రకారం పైపై మరమ్మతు అయిదేళ్ళు నిలుస్తోంది. ధరలు ఏటా 6 శాతం పెరిగితే నేటి 45,000 పని అయిదేళ్ళకు సుమారు 60,200 అవుతుంది. మీ డబ్బు బ్యాంకులో పన్ను పోను అదే 6 శాతం సంపాదిస్తుందనుకుంటే ఆ రెండూ ఒకదానికొకటి చెల్లిపోతాయి, అంటే అయిదేళ్ళ తర్వాతి పనికి కూడా నేడే 45,000 పక్కన పెట్టినట్టే. రెండు విడతలకు 90,000, మూడు విడతలకు 1,35,000. రెండో విడతకే ఖరీదైన పని చవకైపోతోంది.

పని ఎలా జరగాలో నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే మీ డబ్బు భద్రత అక్కడే ఉంది. మెట్ల కొలత కన్నా ప్రతి వైపూ కొంచెం వెడల్పుగా, మూడడుగుల లోతు నల్లమట్టిని తీసివేయాలి. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గొయ్యి అనుకుంటే 108 ఘనపుటడుగులు. దిమ్మిస కొడితే గ్రావెల్ అణిగిపోతుంది కనుక రెండు ట్రాక్టర్లు పడుతుంది. దాన్ని ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టాలి. ఇసుకైతే చవకని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇసుక పోసిన గొయ్యిలో నీళ్ళు నిలిచి పక్కనున్న నల్లమట్టిలోకి ఇంకుతాయి. జిగురున్నా ఉబ్బని ఎర్ర గ్రావెల్ కావాలి. దాని మీద ఇనుప కడ్డీలతో ఎం20 కాంక్రీటు, అంటే సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ళు కలిపినది వేయాలి. మెట్టుకూ ఇంటి గోడకూ మధ్య అరంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా సందు ఉద్దేశపూర్వకంగా వదిలి, తారు పలక పెట్టి, పైన సాగే సీలెంటుతో మూయాలి. మూడడుగులు మార్చినంత మాత్రాన అడుగునున్న మట్టి కదలిక పూర్తిగా ఆగదు. అది తగ్గి, మెట్లన్నీ ఒకే దిమ్మెగా సమంగా కదులుతాయి, ఆ కొద్దిపాటి కదలిక ఈ సందులో ఇమిడిపోతుంది. కదలికే ఉండకూడదనుకుంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ రూపొందించిన, అడుగున ఉబ్బుగా ఉండే పైళ్ళు, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు వేయాలి. ఇళ్ళ పునాదులకు అవి ఎంతో మేలు, అయిదు మెట్ల కోసం మాత్రం ఆ ఖర్చు నేను పెట్టమనను. పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా) సిమెంటు వాడితే కనీసం పది రోజులు తడి ఆరకుండా నీళ్ళు కట్టాలని కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మూడు రోజులు చాలన్న మాట వినవద్దు.

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందని, ఇప్పుడే కొని పెట్టుకోవాలా అనీ అడిగారు. ఈ పనికి పట్టేవి పది పన్నెండు బస్తాలు. ఆ ఆదా చిన్నది, పైగా వానాకాలమంతా నిల్వ ఉంచిన సిమెంటు గడ్డకడుతుంది. పని రోజుకే తెప్పించుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది ఇక తేలికైన ప్రశ్న, ఎందుకంటే మీకు సమయం ఉంది. ఈ పనికి నేను సూచించే కాలం సంక్రాంతి వెళ్ళిన తర్వాత. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగి ఉంటాయి, గోతిలో నీరు ఊరదు, నేల ఇంకా నెర్రెలు విచ్చి ఉండదు. ఈలోగా పింఛనులో మిగిలే 5,000 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పక్కన పెడితే 25,000. అత్తగారి వైద్యానికని 1,20,000 సేవింగ్స్‌లో కదపకుండా ఉంచి, పైనున్న 22,000 తీయండి. ఇంకా 35,000 కావాలి.

దానికోసం పోస్టాఫీసు డిపాజిట్ ముట్టుకోవద్దు. అందులోంచి కొంత మాత్రమే తీసుకునే వీలు లేదు, ఖాతా మొత్తం మూసేయాలి. రెండేళ్ళు దాటిన ఖాతాకు అసలులో 1 శాతం, అంటే 15,000 కోత పడుతుంది. 8.2 శాతం వడ్డీని 2028 జులై దాకా ఖాయం చేసుకున్న ఖాతా అది. చీటీ విషయానికి వస్తే, ఇప్పుడు పాటలో 35,000 తగ్గించుకుంటే తప్ప రావడం లేదని రాశారు. అంటే చేతికి 1,65,000. చివరిదాకా ఆగితే సంస్థ 5 శాతం కమిషను పోను 1,90,000 వస్తుంది. 82,000 అవసరానికి 25,000 వదులుకోవాలి. మిగిలిన 83,000ను డిపాజిట్ చేసినా 6.5 శాతం చొప్పున చీటీ ముగిసేదాకా ఉన్న పది నెలల్లో దాని మీద 4,500కు మించి రాదు.

ఆ 35,000కు బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకోండి. తాకట్టు అన్న మాటకు మన ఇళ్ళలో ఉన్న నామోషీ నాకు తెలుసు, మీరు కూడా ఆ పదాన్ని వెనకాడుతూనే రాశారు. కానీ లెక్క చూడండి. వడ్డీ 10 శాతమనుకున్నా, ఫిబ్రవరి నుంచి అసలులో నెలకు 5,000 చొప్పున కడితే ఏడు నెలల్లో తీరిపోతుంది, మొత్తం వడ్డీ 1,200 లోపే. విలువ కట్టే ఫీజు కలిపినా 15,000తోనూ 25,000తోనూ పోల్చదగినది కాదు. నెలనెలా అసలు తగ్గించుకునే వీలుందా, ఏడాది చివర ఒకేసారి కట్టాలా అన్నది సంతకం పెట్టే ముందే అడగండి. జూన్ ప్రాంతంలో చీటీ ముగిసి డబ్బు వస్తే అప్పుడే తీర్చేసి నగ తెచ్చుకోవచ్చు.

బ్యాంకు వారు చూపించిన 3 లక్షల గృహ మరమ్మతు రుణం మీకు అక్కరలేదు. దాని వడ్డీపై పన్ను మినహాయింపు సొంత నివాసానికి ఏడాదికి 30,000 వరకే, అదీ పాత పన్ను విధానంలోనే. భర్తగారు కొత్త విధానంలో ఉన్నారని రాశారు కనుక అది కూడా లేదు.

బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. మీ భారత్ గృహ రక్ష పాలసీలో ఇల్లున్న నేల కుంగడం అన్న అంశం ఉన్న మాట నిజమే. అయితే మామూలు పగుళ్ళు, కొత్త కట్టడం సర్దుకోవడం, పోసిన మట్టి కదలడం, లోపభూయిష్టమైన నిర్మాణం అందులోనే మినహాయించి ఉన్నాయి. మీ మెట్ల కథ ఆ మినహాయింపుల్లోనే పడుతుంది. అంతమాత్రాన పాలసీ మానేయకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పటిలాంటి వరద నష్టాన్ని అదే పాలసీ భరిస్తుంది.

జనవరి దాకా ఆగాలన్నాను కనుక, ఈ నెలలోనే చేయవలసినవి చెబుతాను. డాబా నీటి గొట్టం మెట్ల పక్కనే పడుతోందని ఫొటోలో కనిపించింది. నాలుగైదు వందల గొట్టం ముక్కతో దాన్ని కాలువ దాకా పొడిగించండి. తెల్లవారి వాకిలి కడిగే నీళ్ళు ఆ సందులోకి దిగుతున్నాయి. కళ్ళాపి మానమని నేను చెప్పను, బకెట్టుకు బదులు తడిగుడ్డతో మెట్లు తుడిచి, నీళ్ళు గేటు దగ్గర చల్లండి. సందులో సిమెంటు వేయకుండా పాత రబ్బరు పట్టీ దోపండి. అత్తగారిని అప్పటిదాకా పెరటి గుమ్మం నుంచే నడిపించండి.

మేస్త్రికి డబ్బు ఒక్కసారిగా ఇవ్వవద్దు. గొయ్యి లోతు మీరు టేపుతో కొలిచి ఫొటో తీశాక ఒక విడత, గ్రావెల్ ఆఖరి పొర దిమ్మిస కొట్టాక ఒకటి, కాంక్రీటు రోజున ఒకటి చెల్లించండి. 8,000 మాత్రం మీ దగ్గరే ఉంచుకుంటామని ముందే కాగితం మీద రాసుకుని సంతకం తీసుకోండి. మే చివరి వారంలో ఒకసారి, సెప్టెంబరు చివర మరొకసారి ఆ సందును అదే స్కేలుతో కొలిచి, ఫిబ్రవరి అంకె పక్కన రాయండి. రెండు కొలతలూ సీలెంటు సాగే మేరలోనే ఉంటే ఆ 8,000 ఇచ్చేయండి.