ఎం.ఆర్. జేమ్స్ దెయ్యం కథలు: వరసగా చదవకండి

ఇంగ్లీషు రచయిత జేమ్స్ దెయ్యం కథల సంపుటం కొని, నాలుగు కథలు చదివేసరికి విసుగొచ్చిందనీ, ఇందులో భయపడేదేముందనీ మీరు అడిగారు. నాకూ మొదట అంతే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా ఊళ్ళో వారం పైనే కరెంటు లేదు. పగలంతా పడిపోయిన కొబ్బరి చెట్లు నరికి తీయడం, రాత్రయితే కొవ్వొత్తి ముందు ఈ పుస్తకం. 1931లో వచ్చిన సంపుటం, 30 కథలు. రాత్రికి మూడేసి లాగించేశాను. మూడో రోజుకల్లా లెక్క తెలిసిపోయింది: ఒక పండితుడు, ఒక పాత చర్చి, ముట్టుకోకూడని వస్తువు ఒకటి. ఇంగ్లీషు కూడా కాస్త కొరకరాని కొయ్యే, మధ్యలో లాటిన్ ఒకటి.

తప్పు నాదే. ఆయన పాత రాతప్రతుల పండితుడు. క్రిస్మస్ రోజుల్లో కేంబ్రిడ్జిలో స్నేహితులను కూర్చోబెట్టుకుని చదివి వినిపించడానికి రాసుకున్న కథలు చాలావరకు. పూటకొకటి కన్నా ఎక్కువ పడవు.

ఈల కథతో (‘Oh, Whistle, and I'll Come to You, My Lad’) మొదలుపెట్టండి. దెయ్యాల్లేవనే ప్రొఫెసరుకి సముద్రం ఒడ్డున శిథిలాల్లో కంచు ఈల దొరుకుతుంది. దాని మీద లాటిన్‌లో ‘ఈ వస్తున్నదెవరు?’ అని ఉంటుంది. ఊదుతాడు. సత్రం గదిలో రెండో మంచం ఖాళీ. ఆ మంచం మీది దుప్పటి లేచి కూర్చుంటుంది, నలిగిన గుడ్డ ముఖంతో. అది చదివిన రాత్రి తమ్ముడు విశాఖలో ఉన్నాడు. నా పక్కన వాడి మంచం, దాని మీద దుప్పటి. లేచి ఆ దుప్పటి మడిచి బీరువాలో పెట్టి తాళం వేశాను. నవ్వకండి.

మర్నాడు అమ్మమ్మకి కథ చెప్పాను. అంతా విని, ‘దాని పేరేటి? ఎలా చచ్చిపోనాది? ఎందుకొచ్చినాది?’ అంది. చెప్పలేదన్నాను. ‘పేరు లేని దెయ్యమేట్రా!’ అని చీదరించుకుంది. ఆవిడ కథల్లో దెయ్యానికి ఇంటిపేరుతో సహా పేరుంటుంది, చింతచెట్టు ఎవరి పెరట్లోదో కూడా తెలుస్తుంది. దానికేదో అన్యాయం జరిగి ఉంటుంది, అది తీరిస్తే పోతుంది. జేమ్స్ దగ్గర ఆ బేరాల్లేవు. మీకు చప్పగా అనిపించింది ఇందుకే కావచ్చు. నాకు మాత్రం అసలు టెన్షన్ అక్కడే.

ఆ తర్వాత శాలిహుండం వెళ్ళాను. బౌద్ధ స్తూపాల కొండ, కింద వంశధార, చల్లటి గాలి. ఇటుకల సందులో ఏదో మెరిసింది. సీసా మూతే అయ్యుంటుంది. వంగి చూడలేదు.