అమ్మానాన్నలతో, పిల్లలతో సమ్మర్‌లో అలాస్కా క్రూజ్ వెళ్లొచ్చా? ఏమేం చూసుకోవాలి?

మీరడిగింది ఇదీ కదండీ: ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, జూన్‌లో పిల్లలకి సెలవులు, సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ అనుకుంటున్నాం, పెద్దవాళ్ళు ప్యూర్ వెజ్, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, వర్కవుట్ అవుద్దా అని. అవుద్దండి, బాగా అవుద్ది. మేం మా అత్తయ్యగారిని మావయ్యగారిని, మా ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఇదే రూట్‌లో వెళ్లొచ్చాం. అమెరికాలో వాళ్ళని తిప్పిన వాటన్నిట్లో వాళ్ళిద్దరికీ ఒంటికి హాయిగా ఉన్న ట్రిప్ ఇదొక్కటే, ఆ మాట వాళ్లే అన్నారు.

ఎందుకంటే మిగతా చోట్లకి వెళ్తే సగం రోజు కార్లోనే పోతుంది, ఎల్లోస్టోన్ అనండి ఇంకోటి అనండి, గంటలు గంటలు కూర్చోవడం, రాత్రికో హోటల్, పొద్దున్నే లేచి సూట్‌కేసులు సర్దడం, ఈలోపు పిల్లలు లేవరు, పెద్దాయన నాలుగున్నరకే లేచి స్నానం చేసి రెడీగా కూర్చుంటారు, అందరికీ విసుగు. షిప్‌లో బట్టలు ఒక్కసారి అల్మరాలో పెట్టుకుంటే మళ్ళీ దిగేరోజే సర్దేది. మావయ్యగారు తెల్లారకముందే లేచి డెక్ మీద వాకింగ్ చేసి, పైన బఫేలో కాఫీ తాగి, కిటికీ పక్కన కూర్చుని సముద్రం చూస్తూ ఉండేవారు, పిల్లలు తొమ్మిదింటికి లేచినా ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు. రాత్రి డిన్నర్‌కి మాత్రం అందరం ఒకే టేబుల్ దగ్గర. మూడు తరాలు ఎవరి టైం ప్రకారం వాళ్ళు ఉండి కూడా కలిసే ఉండగలిగే సెలవు ఇది, అందుకే పెద్దవాళ్ళు ఇక్కడ ఉన్నప్పుడే వెళ్ళండి అని అందరికీ చెప్తుంటా.

కానీ టికెట్ కంటే ముందు కెనడా వీసా సంగతి తేల్చుకోండి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతున్నాం, అలాస్కా కూడా అమెరికానే, ఇంక కెనడా ఎందుకు అనిపిస్తుంది. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది, వేరే దేశంలో రిజిస్టర్ అయిన షిప్ అమెరికా పోర్టుల మధ్యనే జనాన్ని తిప్పకూడదు, మధ్యలో ఇంకో దేశం పోర్టులో ఆగాలి. ఈ పెద్ద క్రూజ్ షిప్‌లు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి చోట్ల రిజిస్టర్ అయినవే, అందుకే వెనక్కి వచ్చేటప్పుడు కెనడాలో విక్టోరియాలో కొన్ని గంటలు ఆపుతారు. మీరు అక్కడ దిగకపోయినా ఇండియన్ పాస్‌పోర్టుకి కెనడా విజిటర్ వీసా లేకపోతే సియాటిల్‌లోనే షిప్ ఎక్కనివ్వరు. అమ్మానాన్నలకే కాదు, మీరు హెచ్1బీ మీద ఉంటే మీకూ కావాలి, గ్రీన్‌కార్డు ఉంటే వీసా అక్కర్లేదు గానీ కార్డూ పాస్‌పోర్టూ రెండూ దగ్గర ఉండాలి. అప్లై చేశాక బయోమెట్రిక్స్ ఇవ్వాలి, ఆ తర్వాత స్టాంపింగ్‌కి పాస్‌పోర్టు పంపాలి, దీనికి వారాలు పట్టొచ్చు కాబట్టి ఇండియాలో ఉండగానే వాళ్ళ చేత అప్లై చేయించడం మంచిది. ఇంకోటి, వాళ్ళ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండి, తిరిగొచ్చే రోజుకి గడువు ఉండాలి. వచ్చాక ఆన్‌లైన్‌లో ఐ94 తేదీ, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే తేదీ, ఒకసారి చూసుకోండి.

రూమ్ విషయానికొస్తే, పెద్దవాళ్ళకి బాల్కనీ ఉన్నదే తీసుకోండి, డబ్బులు ఎక్కడ తగ్గించుకున్నా ఇక్కడ వద్దు. కరీబియన్ అయితే లోపలి రూమ్ చాలు, అక్కడ ఎండకి ఎలాగూ పూల్ దగ్గరే ఉంటారు. అలాస్కాలో రెండువైపులా కొండలు, అడవి, జలపాతాలు కదులుతూనే ఉంటాయి, చలికి బయట ఎక్కువసేపు నిలబడలేని వాళ్ళు శాలువా కప్పుకుని రూమ్‌లోంచే చూసుకోవచ్చు. మా అత్తయ్యగారు రోజూ పొద్దున విష్ణు సహస్రనామం ఆ బాల్కనీలో కూర్చునే చదువుకున్నారు. మీరూ పిల్లలూ పక్కనే లోపలి రూమ్ తీసుకున్నా పర్లేదు, పగలంతా వాళ్ళ రూమ్‌లోనే ఉంటారు. షిప్ మధ్య భాగంలో, కింద డెక్‌ల మీద, లిఫ్ట్‌కి దగ్గరగా ఉన్న రూమ్ అడగండి, ఊపు తక్కువ ఉంటుంది, నాన్నగారికి నడకా తగ్గుతుంది. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు వీల్‌చైర్ కావాలంటే ముందే చెప్పి పెట్టండి, పోర్టులో నడక, నిలబడటం బాగా ఉంటుంది. గోడలోంచి దిగే బంక్ బెడ్లు పిల్లలకి, పెద్దవాళ్ళని ఎక్కించకండి.

ఇప్పుడు భోజనం, అందరూ ముందు అడిగేది ఇదే. బఫేలో మా షిప్‌లో రోజూ ఒక మూల పప్పు, ఒకటో రెండో కూరలు, బాస్మతి అన్నం ఉండేవి, పళ్ళు, బ్రెడ్డు, ప్లెయిన్ యోగర్ట్ ఎప్పుడూ ఉంటాయి కాబట్టి పెరుగన్నానికి లోటు లేదు. అసలు ఉపాయం డైనింగ్ రూమ్‌లో ఉంది. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి, మా వాళ్ళు ఇండియన్ వెజిటేరియన్, గుడ్డు కూడా తినరు అని చెప్పి, రేపటికి ఏదన్నా చేయించగలరా అని అడగండి. ఈ షిప్‌లలో మనవాళ్ళు, ముఖ్యంగా గోవా, ముంబై వైపు వాళ్ళు కిచెన్‌లో చాలామంది ఉంటారు, ఒకరోజు ముందు చెప్తే మెనూలో లేనివి కూడా చేసిపెడతారు. మాకు రెండో రాత్రి నుంచి పనీర్ కూర, దాల్, రోటీ టేబుల్ మీదకి వచ్చేశాయి, అత్తయ్యగారు ఆ వెయిటర్ అబ్బాయిని మీ అమ్మ ఎక్కడుంటుంది బాబూ, ఎన్నాళ్ళకోసారి వెళ్తావు అని రోజూ పలకరించేవారు, తొమ్మిది నెలల కాంట్రాక్ట్ అమ్మా అన్నాడు పాపం. సూపుల్లో మాత్రం చికెన్ స్టాక్ ఉంటుంది, పేరు చూసి నమ్మకండి, ప్రతిసారీ అడగండి.

ఇంటినుంచి రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె తీసుకెళ్దాం అనుకోవద్దు, నిప్పు భయంతో దాదాపు ఏ క్రూజ్‌లోనూ ఒప్పుకోరు, స్కానింగ్‌లో తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో వండినవి కూడా కుదరదు, కొన్న ప్యాకెట్లు సీల్ తియ్యకుండా ఉంటే సాధారణంగా పర్లేదు, అలా ఆవకాయ, కందిపొడి, ఇన్‌స్టంట్ ఉప్మా కప్పులు పట్టుకెళ్ళాం, వేడినీళ్ళు బఫేలో ఎప్పుడూ దొరుకుతాయి. పోర్టుల్లో దిగేటప్పుడు పళ్ళూ కూరలూ బ్యాగులో పెట్టుకుని బయటికి వెళ్ళకండి, ఊరుకోరు.

ఊపు సంగతి. సియాటిల్ నుంచి వెళ్ళే షిప్‌లు చాలావరకు వాంకూవర్ ఐలాండ్‌కి పడమటి వైపు నుంచి, అంటే ఓపెన్ పసిఫిక్‌లోంచి వెళ్తాయి, మొదటి రాత్రి, మర్నాడు కొంచెం తెలుస్తుంది. అలాస్కా దీవుల మధ్యకి వెళ్ళాక నీళ్ళు చెరువులా ఉంటాయి. ఇదీ వద్దనుకుంటే వాంకూవర్ నుంచి బయల్దేరే క్రూజ్ చూడండి, అది మొదటి నుంచీ లోపలి దారిలోనే ఎక్కువ వెళ్తుంది, ఎలాగూ కెనడా వీసా తీసుకుంటున్నారు. కడుపులో తిప్పకుండా వేసుకునే మందు, తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి, అయితే పెద్దవాళ్ళకి గ్లకోమా, ప్రోస్టేట్ లాంటివి ఉంటే ఈ మందులు కొన్ని పడవు, వాళ్ళ డాక్టర్ని అడక్కుండా మీరు వేసుకునేవి వాళ్ళకి ఇవ్వకండి.

ఇంక అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది, గ్లేసియర్ బే, అంటే మంచునదులు సముద్రంలోకి దిగే అఖాతం, దాని లోపలికి వెళ్ళే షిప్పే బుక్ చేయండి. అన్నీ వెళ్ళవు, అది నేషనల్ పార్క్, రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్‌లకి మించి లోపలికి రానివ్వరు, మిగతావి వేరే గ్లేసియర్లకి వెళ్తాయి, అవీ బాగుంటాయి గానీ ఇది వేరు. ఆ రోజు ఎవరూ దిగరు, పగలంతా షిప్ లోపల్లోపలికి నెమ్మదిగా వెళ్ళి తిరిగొస్తుంది. పొద్దున్నే పార్క్ రేంజర్లు చిన్న పడవలో వచ్చి నిచ్చెన మీదుగా మన షిప్ ఎక్కుతారు, మైక్‌లో చెప్తూ ఉంటారు, పిల్లలకి జూనియర్ రేంజర్ పుస్తకాలు ఇస్తారు. 1794లో వాంకూవర్ అనే కెప్టెన్ మనుషులు వచ్చినప్పుడు అక్కడ బే అంటూ లేదు, అంతా మంచుగోడే, తీరంలో చిన్న నొక్కు మాత్రం కనిపించింది. 1879లో జాన్ మూయిర్ అనే ప్రకృతి పరిశోధకుడు వచ్చేసరికి ఆ మంచు 30 మైళ్ళకు పైగా వెనక్కిపోయింది, 1916కి బే ముఖద్వారం నుంచి 65 మైళ్ళు లోపలికి పోయింది. అంటే మనం షిప్‌లో వెళ్తున్న ఆ నీళ్ళదారంతా రెండొందల ఏళ్ళ కిందట మంచు. అంతకుముందు అక్కడ హూనా క్లింగిట్ అనే ఆదివాసీల ఊళ్ళుండేవట, మంచు ముందుకొచ్చి వాళ్ళు వదిలిపోవాల్సి వచ్చింది. ఇది వింటూ మావయ్యగారు, మన కృష్ణ ఒడ్డున కూడా ఊళ్ళు ఊళ్ళే మునిగాయి, ఆ బాధ వాళ్ళకే తెలుస్తుందమ్మా అన్నారు, ఆయన చిన్నప్పుడు నాగార్జునసాగర్ కడుతుంటే ముంపు ఊళ్ళ చుట్టాలు బళ్ళ మీద సామాన్లతో వాళ్ళింటికి వచ్చారట, పిల్లలకి ఆ కథంతా రైలింగ్ పట్టుకునే చెప్పారు. అలాంటి మాటలు ఇంట్లో టీవీ ముందు రావండి.

చివర్లో మార్జరీ గ్లేసియర్ ముందు షిప్ ఆపి, అన్నివైపులా వాళ్ళకీ కనపడేలా మెల్లగా తిప్పుతారు. మంచు తెల్లగా ఉంటుందనుకుంటాం, అక్కడ నీలంగా ఉంటుంది, ఎన్నో ఏళ్ళ బరువుకి గాలి బుడగలన్నీ పోయి గట్టిపడిన మంచు ఎరుపు కాంతిని పీల్చేసుకుని నీలాన్ని వదుల్తుంది కాబట్టి. నిలబడి చూస్తుంటే ఒక ముక్క విరిగి నీళ్ళలో పడుతుంది, పడటం కనపడ్డాక కాసేపటికి శబ్దం వస్తుంది, పిడుగు పడ్డట్టు. ఆ రోజు స్పా, బింగో, ఏదీ పెట్టుకోకండి, పెద్దవాళ్ళకి టోపీ, గ్లోవ్స్ వేసి పైకి తీసుకెళ్ళండి, ఫోన్‌లో వీడియో తియ్యడం కంటే వాళ్ళ పక్కన నిలబడటం ముఖ్యం.

పోర్టుల్లో జునోలో వేల్ వాచింగ్ చేయండి, హంప్‌బ్యాక్ తిమింగలాలు చాలావరకు హవాయి నుంచి వేసవికి మేతకి అక్కడికే వస్తాయి, పడవలో లోపల హీటర్ ఉన్న కేబిన్ ఉంటుంది, పెద్దవాళ్ళకి ఇబ్బంది లేదు. మెండెన్‌హాల్ గ్లేసియర్ కూడా ఆ ఊళ్ళోనే. స్కాగ్వేలో 1898లో గోల్డ్ రష్ టైంలో మొదలుపెట్టి 1900కల్లా పూర్తి చేసిన చిన్న పట్టాల రైలుంది, వైట్ పాస్ దాకా ఎక్కి మళ్ళీ దింపుతుంది, ఇరవై మైళ్ళలోనే దాదాపు మూడువేల అడుగుల ఎత్తుకి వెళ్తుంది, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు, సీట్లో కూర్చునే అంతా చూడొచ్చు. కెచికన్‌లో పెద్దగా ప్లాన్ పెట్టుకోకండి, వానెక్కువ, ఆదివాసీలు చెక్కిన టోటెమ్ అనే చెక్క స్తంభాలు చూసి క్రీక్ స్ట్రీట్‌లో తిరిగి రావడమే. టూర్లు షిప్ వాళ్ళ దగ్గర తీసుకుంటే ఖరీదెక్కువ కానీ బస్సు లేటైనా షిప్ ఆగుతుంది, బయట తీసుకుంటే ఆగదు, పెద్దవాళ్ళతో దూరం వెళ్ళే వాటికి షిప్ టూరే నయం. అలాస్కా టైం సియాటిల్ కంటే గంట వెనక, షిప్ గడియారం ప్రకారం నడుచుకోండి.

పిల్లలకి కిడ్స్ క్లబ్ ఫ్రీ, మూడేళ్ళు దాటి డైపర్ మానేసిన వాళ్ళని తీసుకుంటారు. డ్రింక్ ప్యాకేజీలు మనలాంటి కుటుంబాలకి అక్కర్లేదు. టిప్పులు మాత్రం లెక్కలో వేసుకోండి, మనిషికి రోజుకి ఇంత అని బిల్లులో దానంతటదే పడుతుంది. ఎక్కగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, షిప్ టవర్‌కి కనెక్ట్ అయితే బిల్లు మామూలుగా రాదు.

విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునే ఉంటారు, అది షిప్‌లో, కెనడాలో పనిచేస్తుందో లేదో ఫోన్ చేసి అడగండి, చాలా పాలసీలకి అమెరికా నేల దాటితే రూల్స్ మారతాయి, షిప్‌లో డాక్టర్ని చూపిస్తే బిల్లు నేరుగా రూమ్ ఖాతాలో పడుతుంది, హెలికాప్టర్‌లో తీసుకెళ్ళాల్సి వస్తే చెప్పక్కర్లేదు. రోజువారీ మందులు వారానికి సరిపడా కాదు, రెండు వారాలకి పెట్టుకోండి, సూట్‌కేస్‌లో కాకుండా చేతి బ్యాగులో, ఎందుకంటే ఎక్కిన రోజు సూట్‌కేసులు రూమ్‌కి రావడానికి సాయంత్రం అవుతుంది.

సియాటిల్‌కి ఒకరోజు ముందే చేరండి, ఫ్లైట్ లేటయితే షిప్ ఆగదు. మే, జూన్‌లలో వాన కాస్త తక్కువ, జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది కాబట్టి మీరనుకున్న నెల మంచిదే. ఒక్కొక్కరికీ నీళ్ళు దిగని జాకెట్, లోపల థర్మల్, గ్రిప్ ఉన్న బూట్లు కొనండి, చీరలు కట్టుకునే వాళ్ళకి లోపల థర్మల్ లెగ్గింగ్స్ వేస్తే సరిపోతుంది, అత్తయ్యగారు అలాగే తిరిగారు. మీ వీసా స్టేటస్ ఏంటో, ఏ షిప్ చూస్తున్నారో కింద రాయండి, నాకు తెలిసినంత వరకు చెప్తాను.