జీతం లేని ప్రసూతి సెలవు ఎవరికి పనికొస్తుంది?

"సెలవు ఇస్తే చాలదా, పనిచేయని నెలలకు జీతం కూడా ఎందుకివ్వాలి?" అన్నది మీ ప్రశ్న. మొదటి కాన్పుకు జీతం లేకుండా, రెండో కాన్పుకు జీతంతో సెలవు తీసుకున్నాను కాబట్టి ఆ తేడా నాకు బాగానే తెలుసు.

మొదటిసారి నేనున్నది చిన్న సంస్థ. "ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు తీసుకో, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు" అన్నారు. మంచి మాటే. కాకపోతే మొత్తం లాస్ ఆఫ్ పే. ఇద్దరి జీతాలు వస్తే తప్ప ఇల్లు గడవని రోజులవి. ముందే సెలవు పెడితే జీతం ముందే ఆగిపోతుందని నెలలు నిండేదాకా ఆఫీసుకు వెళ్లాను. సిజేరియన్ అయింది. అద్దె, ఆసుపత్రి అప్పు, లోన్ కిస్తీ లెక్క చూసుకుని, కుట్ల నొప్పి పూర్తిగా తగ్గకముందే మళ్లీ ఆఫీసులో కూర్చున్నాను. "త్వరగా వస్తానని నువ్వే కదా అడిగావు" అన్నాడు మా మేనేజర్. నిజమే, అడిగింది నేనే.

కాన్పు అంటే ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే అయిపోయేది అనుకుంటారు చాలామంది. గర్భసంచి మామూలు స్థితికి రావడానికే దాదాపు ఆరు వారాలు పడుతుంది. రక్తస్రావం వారాల తరబడి ఉంటుంది. బిడ్డ రాత్రంతా రెండు మూడు గంటలకోసారి పాలకు లేస్తుంది. ఇక పాల సంగతి. బిడ్డ తాగుతుంటేనో, పిండి తీస్తుంటేనో పాలు పడతాయి. గంటల తరబడి అలాగే వదిలేస్తే రొమ్ములు గట్టిపడి, నొప్పి పెట్టి, ఒక్కోసారి జ్వరం దాకా వెళ్తుంది, పాలూ తగ్గుతాయి. నాకు అదే జరిగింది. మా ఆఫీసులో పాలు పిండుకోవడానికి బాత్రూమ్ తప్ప చోటే లేదు. చివరికి డబ్బా పాలు పట్టక తప్పలేదు. ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. జీతం కోసం నెలన్నరకే పనికి పరిగెత్తే తల్లికి ఆ సలహా ఇచ్చి ఏం లాభం?

రెండోసారి వేరే సంస్థలో, జీతంతో సెలవు. అప్పుడు కూడా నిద్ర లేదు, ఒళ్లునొప్పులు తగ్గలేదు. డబ్బు టెన్షన్ మాత్రం లేదు. ఎప్పుడు వెళ్లాలో డాక్టరును అడిగి తేల్చుకున్నాను. ఆ సంస్థలోనే ఇప్పటికీ ఉన్నాను. మొదటి ఉద్యోగమైతే ఏడాది తిరక్కుండానే మానేశాను. నా స్థానంలో వచ్చినవాళ్లకు ఆ పాత సంస్థవాళ్లు మొదటి నుంచి పని నేర్పుకోవాల్సి వచ్చింది. సెలవు జీతం మిగిలిందని వాళ్లు అనుకుని ఉంటే, ఆ లెక్క నాకైతే అర్థం కాదు.

"చిన్న సంస్థ అంత ఖర్చు ఎలా భరిస్తుంది?" అని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. ఒక్క యజమాని నెత్తినే వేయకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే కాన్పుకు ముందూ వెనకా కలిపి 12 వారాల సెలవు గురించి ఒప్పందం చేసింది, ఆ డబ్బు ప్రభుత్వ నిధుల నుంచో బీమా నుంచో రావాలంది. 2000 నాటి ఒప్పందంలో దాన్ని కనీసం 14 వారాలు చేసింది, పాత జీతాన్ని బట్టి ఇచ్చేచోట అందులో మూడింట రెండు వంతులకు తగ్గకూడదంది. భారతదేశంలో 2017 నుంచి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు ఇస్తున్నారు. కానీ ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పరిధిలో లేనిచోట జీతమంతా యజమానే కట్టాలి. ఇంటర్వ్యూలో "పెళ్లయిందా? పిల్లల సంగతేంటి?" అని ఆడవాళ్లనే గుచ్చి గుచ్చి అడగడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. అమెరికాలో 1993 చట్టం 12 వారాలు ఇస్తుంది, అదీ జీతం లేకుండా, ప్రైవేటు రంగంలోనైతే 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లోనే. అంటే చేతిలో డబ్బున్నవాళ్లకే అది నిజంగా సెలవు.

ఇప్పటిదాకా చెప్పిందంతా నెల జీతం ఉన్నవాళ్ల కథే. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, రోజుకూలీలకు, సొంతంగా కుట్టుపని చేసుకునేవాళ్లకు జీతం ఇమ్మని అడగడానికి ఒక కంపెనీ అంటూ ఉండదు. పచ్చి బాలింతలుగా అందరికన్నా ముందు పనికెళ్లేది వాళ్లే. బీమా ద్వారానో పన్నుల డబ్బుతోనో నడిచే ఉమ్మడి నిధి ఉంటే తప్ప వాళ్లకు ఈ జీతం అందే దారి నాకు కనిపించడం లేదు.