మలేషియాలో బగాన్ దాతుక్ జిల్లా ఎలా ఉంటుంది? అక్కడ తెలుగువాళ్ళు నిజంగానే ఉన్నారా?

ఉన్నారండీ, నిజంగానే ఉన్నారు. మీరు మూడు అడిగారు, ఆ జిల్లా దేనిమీద బతుకుతుంది, చూడ్డానికి ఏముంది, తెలుగువాళ్ళ సంగతి నిజమా అని. నాది కోనసీమ, ఉద్యోగం కౌలాలంపూర్‌లో. మా ఆఫీసులో ఒకాయన, నేను అన్నా అనే పిలుస్తా, ఆయన సొంతూరు ఆ జిల్లాలోనే సుంగై సుమున్ దగ్గర, వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినాయన. అన్న ఊరెళ్తుంటే కుదిరినప్పుడల్లా నేనూ కారెక్కేస్తా, అలా చూసింది, అక్కడి పెద్దవాళ్ళ దగ్గర విన్నది రాస్తున్నా.

యూట్యూబ్‌లో వెతికితే అన్నీ స్కై మిర్రర్ వీడియోలు, రాత్రిపూట నీలంగా మెరిసే నీళ్ళ వీడియోలే వస్తాయి. అవీ బాగుంటాయి, కింద రాస్తా. కానీ ఆ జిల్లా అర్థమవ్వాలంటే ముందు నేలని, కొబ్బరిని చూడాలి, ఎందుకంటే అక్కడ ఎవరు ఉన్నారు, ఎవరు ఊరొదిలి వెళ్ళిపోయారు, మన భాష ఎంత మిగిలింది అన్నదంతా పంటతోనే ముడిపడి ఉంది.

పెరాక్ రాష్ట్రానికి నైరుతి కొసన ఉంటుంది. ఒకపక్క పెరాక్ నది సముద్రంలో కలిసేచోటు, దక్షిణాన బెర్నాం నది, అది దాటితే సెలాంగోర్ రాష్ట్రం. ఇదివరకు హిలిర్ పెరాక్ జిల్లాలో భాగంగా ఉండేది, 2017లో విడదీసి వేరే జిల్లా చేశారు, పెరాక్‌లో ఇది 12వది. ఇప్పటి డిప్యూటీ ప్రధాని అహ్మద్ జాహిద్ హమీదీ 1995 నుంచి ఇక్కడి ఎంపీ, అందుకని ఈ మధ్య రోడ్లు, నది ఒడ్డున వాటర్‌ఫ్రంట్ లాంటివి వచ్చాయి.

నేల మాత్రం మన లంకల్లాగే బల్లపరుపుగా ఉంటుంది, ఎక్కడా గుట్ట కనపడదు. ఒకప్పుడు అదంతా మడ అడవి. ఇండోనేషియా నుంచి వచ్చిన బంజార్‌వాళ్ళు, జావావాళ్ళు, ఎస్టేట్లలోకి వచ్చిన మనవాళ్ళు, తమిళులు కలిసి ఆ బురదలో కాలవలు తవ్వి సాగులోకి తెచ్చారు. కాలవని అక్కడ పరిత్ అంటారు, చాలా ఊళ్ళ పేర్లు పరిత్ అనే మొదలవుతాయి. సముద్రం వైపు పొడుగునా మట్టి కరకట్ట, దాంట్లో అక్కడక్కడా నీటి తలుపులు. నేను ఒకచోట నిలబడి చాలాసేపు చూశా, పోటు వచ్చేకొద్దీ బయటి నీళ్ళే తలుపుని నెట్టి మూసేస్తాయి, ఆటు వేళ లోపలి మురుగు నీరు నెట్టుకుని బయటికి పోతుంది, కరెంటూ లేదు మోటారూ లేదు. అమావాస్య పౌర్ణమిలకి పెద్ద పోటు వచ్చి కట్ట ఎక్కడైనా తెగిందా, ఉప్పునీళ్ళు తోటల్లోకి, ఇళ్ళల్లోకి వచ్చేస్తాయి. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఆ భయం వేరే చెప్పక్కర్లేదు.

ఇక కొబ్బరి. మలేషియాలో కొబ్బరి అనగానే గుర్తొచ్చే జిల్లా ఇది. ఎక్కువమంది చిన్న రైతులే, రెండెకరాలో అయిదెకరాలో ఉన్నవాళ్ళు. దింపు అంతా కింద నిలబడే, పొడుగాటి గెడకి కొడవలి కట్టి లాగడమే, మన దగ్గరలా చెట్టెక్కడం నేను చూడలేదు. ఒలుపు మటుకు అచ్చం మనదే. నేలలో పాతిన ఇనప మొన మీద కాయని గుచ్చి, ఒక తిప్పు, ఇంకో తిప్పు, మూడోదానికి పీచు మొత్తం ఊడి పక్కన పడుతుంది, కాయ కుప్పలో పడుతుంది. అన్నవాళ్ళ పక్కింటి బంజార్ ముసలాయన మనతో కబుర్లు చెబుతూనే, కాయ వైపు చూడకుండానే ఒలిచేస్తూ ఉంటాడు, ముంజేతులు మాత్రం ఇనుములా ఉంటాయి. మా నాన్న ఒలుపువాళ్ళకి కూలి లెక్కేస్తూ కూర్చునే రోజులు గుర్తొచ్చి అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు నాకు.

కాయ ఎక్కువగా పోయేది శాంతాన్‌కి, అంటే కొబ్బరిపాలకి. నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం దగ్గర్నుంచి కూరల దాకా వాళ్ళకి అది లేకపోతే వంటే లేదు. ఇంత వాడకం ఉండి కూడా మలేషియాకి సొంత పంట చాలదు, ఇండోనేషియా నుంచి కాయ దిగుమతి చేసుకుంటారు. 2024 చివర్లో కాయ కొరత వచ్చి కౌలాలంపూర్‌లో రేట్లు బాగా పెరిగాయి, అప్పుడు కూడా తోట దగ్గర రైతుకి వచ్చే రేటుకి, బజార్లో మేం కొనే రేటుకి చాలా తేడా ఉండేది. నా ఉద్దేశంలో ఆ జిల్లా అసలు సమస్య ఇదే, చెట్లు ముసలివైపోయాయి, పిల్లలు సిటీల్లో ఉన్నారు, మధ్యలోవాడి చేతిలో రేటు ఉంది. కొత్తగా వేసేవాళ్ళు మాతాగ్ రకం వేస్తున్నారు, మలయన్ పొట్టి రకానికి ఫిలిప్పీన్స్ తగ్ననాన్ పొడుగు రకాన్ని కలిపి తీసిన హైబ్రిడ్, త్వరగా కాపుకొస్తుంది, కాయ పెద్దది, బొండానికీ బాగుంటుంది.

మధ్యలో ఒకప్పుడు కొబ్బరి కింద కోకో కూడా బాగా వేశారు, మా కోనసీమలో ఇప్పుడు వేస్తున్నట్టే. రేటు పడిపోయి, కాయలో పురుగు పట్టి చాలామంది పీకేశారు. ఆ తర్వాత చాలా భూమి పామాయిల్‌కి మారింది. ఎందుకు మారరు చెప్పండి, పామాయిల్ గెల పది పదిహేను రోజులకోసారి కోతకొస్తుంది, ఫ్యాక్టరీ దగ్గర్లోనే ఉంటుంది, డబ్బు ఏడాది పొడుగునా చేతిలో ఆడుతుంది. పెద్ద ఎస్టేట్లలో హుతాన్ మెలింతాంగ్ దగ్గర జెందరాటా పేరు చెప్పుకోవాలి. యునైటెడ్ ప్లాంటేషన్స్ వాళ్ళది, 1906లో ఆగే వెస్టెన్‌హోల్జ్ అనే డెన్మార్క్ ఇంజనీరు మొదలెట్టింది. గెలలు మోయడానికి ఇప్పటికీ తోటలో సన్నటి రైలు పట్టాలు ఉన్నాయి, చిన్న ఇంజను వెనకాల పెట్టెలు తగిలించుకుని చెట్ల మధ్యలోంచి వెళ్తుంటే మా పిల్లలు వదిలిపెట్టరు. పర్యావరణానికి హాని లేకుండా పండించిన పామాయిల్‌కి ఇచ్చే ఆర్ఎస్‌పీవో సర్టిఫికెట్ ప్రపంచంలో మొదట 2008లో వచ్చింది ఈ కంపెనీకే.

ఇప్పుడు తెలుగువాళ్ళ గురించి. విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి జిల్లాలు, చిత్తూరు వైపు నుంచి మనవాళ్ళని కంగాణీలు, అంటే మేస్త్రీలు, ఊళ్ళల్లో పోగుచేసి మద్రాసులో ఓడ ఎక్కించేవారు. రజుల అనే ఓడ పేరు పెద్దవాళ్ళ నోట ఇంకా వినపడుతుంది, మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ మధ్య 1926 నుంచి తిరిగింది అది. పెనాంగ్ దగ్గర జెరెజాక్ దీవిలో క్వారంటైన్, ఆ తర్వాత ఎస్టేటు లైన్లు, అంటే కూలీల ఇళ్ళ వరసలు. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీల వలస ఆపేసింది, ఆ తర్వాత జపాన్‌వాళ్ళు వచ్చి మలయా ఎస్టేట్లలోంచి తమిళుల్ని, తెలుగువాళ్ళని సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) బర్మా రైల్వే పనికి పట్టుకుపోయారు, వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. ఇదంతా దాటుకుని నిలబడ్డవాళ్ళే ఎక్కువగా ఈ దిగువ పెరాక్ కొబ్బరి ఎస్టేట్లలో ఉండిపోయారు. లైన్లలో రామ భజన, శ్రీరామనవమి, ఉగాది, కొన్నిచోట్ల తెలుగు బడి కూడా ఉండేదట. 1955లో అక్కడి తెలుగువాళ్ళు సంఘం పెట్టుకున్నారు, రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో జరిగింది కౌలాలంపూర్‌లోనే, అది మన దగ్గర చాలామందికి గుర్తుండదు.

అన్నవాళ్ళ అమ్మగారిని నేను పెద్దమ్మా అంటా. మొదటిసారి గుమ్మంలోకి రాగానే "ఏటి బాబూ, కోలంపూరు నుంచి ఎప్పుడు బయల్దేరినారు, ఏటైనా తిన్నారా నేదా" అనేసరికి నాకు నోట మాట రాలేదు. ఆవిడ శ్రీకాకుళం ఎప్పుడూ చూడలేదు, పుట్టింది పెరిగింది ఎస్టేటులోనే. చేపల పులుసు చింతపండుతో మనలాగే పెడుతుంది, పక్కన మాత్రం సంబల్, అంటే అక్కడి మిరపకాయ పచ్చడి, ఉండాలి. పొద్దున్న "పాసర్‌కి ఎల్లొచ్చినాను" అంటుంది, బజారుకి వెళ్ళొచ్చా అని. అన్న తెలుగు బాగానే మాట్లాడతాడు, చదవలేడు. అన్న పిల్లలకి అర్థమవుతుంది, జవాబు మలయ్‌లోనో ఇంగ్లీషులోనో వస్తుంది.

కొంతమంది ఇక్కడ కామెంట్లలో వాళ్ళు తెలుగు వదిలేశారు అని తేలిగ్గా అంటారు, అలా అనకండి దయచేసి. ఎస్టేటు ఉన్నన్నాళ్ళూ లైను మొత్తం తెలుగిళ్ళే, పిల్లలు ఆడుకునేది తెలుగులోనే. ఎస్టేట్లు చేతులు మారి, కొబ్బరి పోయి పామాయిల్ వచ్చి, తక్కువ కూలికి ఇండోనేషియా, బంగ్లాదేశ్ వాళ్ళు వచ్చాక మనవాళ్ళు తెలుక్ ఇంతాన్, క్లాంగ్, కౌలాలంపూర్‌లలో తలో వీధికీ చెదిరిపోయారు. వీధిలో ఒక్క ఇల్లే తెలుగిల్లయితే పిల్లాడు ఎవరితో మాట్లాడతాడు? బడిలో తమిళమో మలయో. ఇన్నింటి మధ్య మూడు తరాలు మోసుకొచ్చారంటే నాకైతే చాలా గౌరవం. సంఘంవాళ్ళు తెలుగు క్లాసులు నడుపుతున్నారు, మీలో ఎవరైనా టీచర్లు ఉంటే ఆన్‌లైన్‌లో సాయం చెయ్యొచ్చు, ఇది నా విన్నపం.

చేపల సంగతి చెప్పకపోతే సగం జిల్లా వదిలేసినట్టే. బెర్నాం నది ఒడ్డున హుతాన్ మెలింతాంగ్‌లో వరసగా పడవలు, ఐసు, చేపల షెడ్లు, ఎక్కువ చైనీయులవే. బురద తీరం కాబట్టి రొయ్యలు, పీతలు బాగా దొరుకుతాయి. స్నానాలకి దిగే ఇసక బీచ్ ఆశించకండి, అక్కడ తీరమంటే మడచెట్లు, బురద, ఆటు వేళ ఆ బురదలో ఏరుకు తినే కొంగలూ ఉల్లంకిపిట్టలూనూ.

స్కై మిర్రర్ అంటే సముద్రంలో ఉండే ఇసక మేట, పెద్ద ఆటు వచ్చినప్పుడు బయటపడుతుంది, పైన పల్చగా నీళ్ళు మిగిలి ఆకాశం మొత్తం కింద కనపడుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి అటూ ఇటూ రోజుల్లోనే. పులావు సెంబిలాన్ అని తొమ్మిది దీవులున్నాయి, అక్కడ రాత్రిపూట నీళ్ళని కదిపితే నీలంగా వెలుగుతాయి, నీళ్ళల్లో ఉండే కంటికి కనపడనంత చిన్న జీవులవి. దానికి చీకటి కావాలి, వెన్నెల ఉంటే తేలిపోతుంది. అందుకని రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే అమావాస్య దగ్గర్లో పెట్టుకోండి, పౌర్ణమికి వెళ్తే ఒకటే దక్కుతుంది. పడవవాళ్ళు టైము చెప్పేది పోటుని బట్టి, తెల్లవారుజామున రమ్మన్నా విసుక్కోకండి.

కౌలాలంపూర్ నుంచి కారులో రెండున్నర గంటలు. సొంత బండి లేకపోతే లోపలి ఊళ్ళు తిరగడం కష్టం. రాత్రికి తెలుక్ ఇంతాన్‌లో దిగితే హోటళ్ళు దొరుకుతాయి, ఊరి మధ్యలో 1885లో కట్టిన ఒరిగిన గడియారం బురుజు కూడా చూడొచ్చు. దోమల మందు, మార్చుకునే బట్టలు, బురదలో పోయినా బాధలేని చెప్పులు పెట్టుకోండి. తోటల్లోకి వెళ్ళేముందు అక్కడున్నవాళ్ళని ఒకమాట అడగండి, బొండం కొట్టి ఇచ్చి మరీ లోపలికి తీసుకెళ్తారు.