బౌల్ గేమ్‌కి ముందు ఈ మూడు వారాలు: అన్నయ్య కూతురికి రాసిన ఉత్తరం

తల్లీ,

నీ మెసేజ్ చూశాను. నువ్వు వీడియో పని చూసే మీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ 6-2 తో, అంటే ఆరు గెలిచి రెండు ఓడి, ఊపు మీదుండి ఆఖరి నాలుగు ఆటలూ వరసగా ఓడి 6-6 దగ్గర ఆగేసరికి వీడియో రూంలో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోవట్లేదని, బౌల్‌కి, అంటే సీజన్ అయ్యాక అర్హత వచ్చిన కాలేజీ టీముల్ని పిలిచి ఆడించే ఆటకి, పిలుపొచ్చినా "ఇంత ఆడింది చాల్లేదా, ఇంకోటి కూడానా" అని కుర్రాళ్ళే అనుకుంటున్నారని రాశావు కదా, అది చదివాక ఫోన్‌లో చెప్పి వదిలేసే విషయం కాదనిపించింది, అందుకే కూర్చుని రాస్తున్నా. ఇన్నేళ్ళూ ఫుట్‌బాల్ టీముల వీడియో రూముల్లోనే పనిచేశాను కాబట్టి నాకు తెలిసిందంతా నీకు చెప్పేస్తా, అందులో మీ కోచ్ పద్ధతికి పనికొచ్చేది నువ్వే ఏరుకో.

ముందు ఆ 6-6 సంగతి. 12 ఆటల్లో 6 గెలిస్తే బౌల్‌కి అర్హత, మీవాళ్ళు 6 గెలిచారు, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 2015లో అయితే ఉన్న బౌల్స్‌కి సరిపడా టీములే దొరక్క 5-7 వాళ్ళలో చదువు స్కోర్ బాగున్నవాళ్ళని పిలిచారు, దాన్ని ఏపీఆర్ అంటారు. అలా వెళ్ళినవాళ్ళు నెబ్రాస్కా, మిన్నెసోటా, శాన్ హోసే స్టేట్, ముగ్గురూ గెలిచారు. నెబ్రాస్కా ఆట మాత్రం వీలు చూసుకుని మొత్తం చూడు, శాంటా క్లారాలో యూసీఎల్ఏ మీద ఆడింది. ఆ సీజన్‌లో చివరి నిమిషాల్లో చేజార్చుకున్న ఆటలు చాలా ఉన్నాయి వాళ్ళకి, ఇంటర్‌సెప్షన్లతో, అంటే విసిరిన బాల్ ఎదుటివాళ్ళకి చిక్కడంతో, పేరు పోయింది, ఆ రోజు కూడా 21-7 తో వెనకపడ్డారు. అయినా కంగారుపడి గాల్లోకి విసరడం మొదలెట్టలేదు, తమకి వచ్చిన పని, అంటే బాల్ పట్టుకుని పరిగెత్తడం, అదే చేస్తూ పోయారు, వరసగా 30 పాయింట్లు కొట్టి చివరికి 37-29 తో గెలిచారు. మీ కుర్రాళ్ళకి ఎవరైనా చూపించదగ్గ ఆట ఉందంటే అదే.

అసలు విషయం ఏంటంటే తల్లీ, బౌల్ పిలుపు వల్ల మీకు దొరికింది ఒక్క ఆట కాదు, దాని ముందు వచ్చే ప్రాక్టీసులు. పిలుపు రాని టీమ్ థ్యాంక్స్‌గివింగ్ అయిపోగానే ప్యాడ్స్ సర్దేసి మళ్ళీ స్ప్రింగ్‌లో ఇచ్చే 15 ప్రాక్టీసుల కోసం ఎదురుచూడాలి. మీకు ఇప్పుడే డజనో పదిహేనో దొరుకుతాయి. ఓడుతూ వచ్చిన టీమ్‌కి ఇంతకంటే విలువైంది ఇంకోటి లేదు, సీజన్ మధ్యలో తప్పు దిద్దుకోవడానికి టైమే ఉండదు, శనివారం ఓడితే సోమవారానికల్లా తర్వాతి టీమ్ ఫిల్మ్ ముందుకొచ్చేస్తుంది, పాత తప్పు అలాగే ఉండిపోయి దాని మీద ఇంకో తప్పు చేరుతుంది. నాలుగు ఆటలు వరసగా పోవడం ఎక్కువసార్లు ఇలాగే జరుగుతుంది.

కాబట్టి మొదటి వారం ఎదుటి టీమ్ ఫిల్మ్ ముట్టుకోవద్దు. ఇది మీ కోచ్‌కి నువ్వు చెప్పలేవు, తెలుసు, కానీ నీ పని వరకు నువ్వు ఆ క్రమంలో చేసుకో. మంచి కోచ్‌లు చాలామంది ఇలాగే చేస్తారు, మొదటి కొన్ని ప్రాక్టీసులు కొత్త కుర్రాళ్ళకే, సీజనంతా స్కౌట్ టీమ్‌లో ఎదుటివాళ్ళ ప్లేలు, అంటే ముందే గీసుకున్న ఎత్తులు, నకలు చేసిన మొదటి ఏడాది కుర్రాళ్ళకి అప్పుడు తమ సొంత ప్లేబుక్ ఆడే అవకాశం వస్తుంది. ఆ స్నాప్‌లన్నీ, అంటే బాల్ వెనక్కి అందించి మొదలెట్టే ప్రతి ప్లే, షూట్ చెయ్యి, ఒక్కటి కూడా వదలొద్దు, ఎవరూ అడగకపోయినా సరే, ఆ ఫిల్మే మార్చిలో కోచ్‌లందరూ వెతుక్కుంటూ వస్తారు. రెడ్‌షర్ట్ కుర్రాణ్ణి, అంటే ఆడే ఏడాది ఒకటి ఖర్చవకుండా పక్కన ఉంచినవాణ్ణి, బౌల్‌లో దింపొచ్చా లేదా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఆ రూల్ ఈమధ్య మారుతూ వచ్చింది కాబట్టి రూంలో ఎవరో చెప్పింది నమ్మకుండా రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీస్‌ని అడగమని చెప్పు.

ఇక నీ చేతిలో ఉన్న అసలు పని సెల్ఫ్ స్కౌట్. ఎదుటివాళ్ళు మనల్ని ఎలా చదువుతున్నారో మనమే వాళ్ళ కళ్ళతో చూసుకోవడం. 12 ఆటల ఫిల్మ్ మొత్తం ట్యాగ్ అయి ఉంది అన్నావు కదా, డౌన్ (10 యార్డ్స్ దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని యార్డ్స్ కావాలి, ఏ హాష్ (బాల్ పెట్టే గీత), ఎంతమంది రిసీవర్లు (బాల్ అందుకునేవాళ్ళు), ఫార్మేషన్ (నిలబడ్డ తీరు), మోషన్ (స్నాప్‌కి ముందు ఒకడు పక్కకి కదలడం), అన్నీ ఉంటే సగం పని అయిపోయినట్టే. ముందు గెలిచిన ఆరూ ఒక పక్క, చివరి నాలుగూ ఇంకో పక్క పెట్టు. అందరూ థర్డ్ డౌన్ దగ్గర మొదలెడతారు, నువ్వు ఫస్ట్ డౌన్ దగ్గర మొదలెట్టు. థర్డ్ డౌన్‌లో 9 యార్డ్స్ కావాల్సొస్తే ఏ టీమైనా తడబడుతుంది, ఆ 9 ఎందుకు మిగిలాయి అన్నది చూడాలి, ఫస్ట్ డౌన్‌లో 4 యార్డ్స్ వచ్చాయా లేదా అన్నదే నీ మొదటి లెక్క. షాట్‌గన్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరేవాడు) కాస్త వెనక నిలబడి స్నాప్ అందుకునేటప్పుడు, రన్నింగ్ బ్యాక్ (బాల్‌తో పరిగెత్తేవాడు) అతనికి ఎడమ పక్క నిలబడ్డప్పుడల్లా బాల్ కుడివైపుకే పోతోందా, టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడేవాడు) మోషన్‌లో వస్తే ప్రతిసారీ రన్నేనా, ఇవి చూడు. ఎండ్‌జోన్ కెమెరా ఫిల్మ్‌లో గార్డుల (లైన్ లోపల అడ్డుకునేవాళ్ళు) చేతులు కూడా చూడు, రన్ ప్లే అనగానే ముందుకి వాలి వేళ్ళ మీద బరువు పెడతారు, పాస్ అనగానే చెయ్యి తేలిగ్గా ఆనిస్తారు, మంచి డిఫెన్సివ్ లైన్‌మన్‌కి ఆ మాత్రం చాలు. సీజన్ ముందుకెళ్ళేకొద్దీ అవతలివాళ్ళ దగ్గర మన ఫిల్మ్ పెరుగుతుంది, సెప్టెంబర్‌లో పనిచేసిన ప్లే నవంబర్‌లో ఎందుకు చచ్చిపోయిందో అక్కడే దొరకొచ్చు.

టర్నోవర్లని, అంటే బాల్ ఎదుటివాళ్ళకి పోగొట్టుకున్నవాటిని, ఒకే కుప్పగా పొయ్యొద్దు. క్వార్టర్‌బ్యాక్ తప్పు చదివి విసిరింది వేరు, వెనకనుంచి దెబ్బ తగిలి పోయింది వేరు, రిసీవర్ చేతికి తగిలి ఎగిరింది వేరు. ఇవన్నీ ఒకే నంబర్ కింద వేసి ఆ కుర్రాడి నెత్తిన పెడితే బౌల్‌లో వాడు విసరడానికే భయపడతాడు. విడగొట్టి చూపిస్తే కొన్ని లైన్ తప్పు అని, కొన్ని రూట్ (రిసీవర్ పరిగెత్తే దారి) తప్పు అని తేలుతుంది, దిద్దడానికి ఒక దారి దొరుకుతుంది.

తయారయ్యాక అది కోఆర్డినేటర్‌కి, అంటే ప్లేలు పిలిచే కోచ్‌కి, విడిగా ఇవ్వు, అందరి ముందూ తెర మీద వెయ్యకు. డజను క్లిప్‌లు దాటొద్దు, వాళ్ళకి అంతకంటే ఓపిక ఉండదు. ప్రతి చెడ్డ క్లిప్ పక్కన గెలిచిన ఆరు ఆటల్లోంచి అదే ప్లే సరిగ్గా ఆడింది ఒకటి పెట్టు. ఇది నేను గట్టిగా నమ్మే విషయం. ఓడి ఓడి ఉన్న కుర్రాళ్ళకి ఇంకా తప్పులే చూపిస్తే కళ్ళు మూసుకుంటారు, అదే ప్లే తమ చేతుల మీదుగానే అక్టోబర్‌లో బ్రహ్మాండంగా నడిచిందని చూస్తే ముందుకి జరిగి కూర్చుంటారు.

ఎదుటి టీమ్ దగ్గరికి రెండో వారంలో రా. వాళ్ళ 12 ఆటలూ చూడాలనుకోకు, ఆఖరి నాలుగైదు చాలు, కాకపోతే ఒకటి మాత్రం ముందే కనుక్కో, వాళ్ళ కోఆర్డినేటర్ ఇంకా ఉన్నాడా అని. డిసెంబర్‌లో కోచ్‌లు ఉద్యోగాలు మారతారు, ప్లేలు పిలిచే మనిషి మారితే ఆ ఫిల్మ్ సగం పనికిరాదు, కొత్తగా పిలిచేవాడు ఇదివరకు ఎక్కడ పనిచేశాడో ఆ ఫిల్మ్ వెతకాలి.

మీ దగ్గర్నుంచి వెళ్ళిపోయేవాళ్ళ గురించి రాశావు, కార్నర్‌బ్యాక్ (ఎదుటి రిసీవర్లని కాచేవాడు) బౌల్ ఆడనంటున్నాడని, ఇంకొందరు వేరే కాలేజీకి మారే పోర్టల్ మాట ఎత్తుతున్నారని. వాళ్ళని తప్పుపట్టే మాట నీ నోటి నుంచి రానివ్వకు. నోట్రడేమ్ లైన్‌బ్యాకర్ జేలన్ స్మిత్‌కి 2016 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో మోకాలు పోయింది, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్ ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ పైభాగంలో పోవాల్సినవాడు రెండో రౌండ్‌కి జారాడు. ఆ ఏడాది చివరికే మెకాఫ్రీ, ఫోర్నెట్ లాంటి పేరున్న రన్నింగ్ బ్యాక్‌లు బౌల్ ఆడకుండా ఎన్‌ఎఫ్ఎల్‌కి తయారవుతామన్నారు. అది వాళ్ళ జీవితం. నువ్వు చేయగలిగింది ఉన్నవాళ్ళతో లెక్క వేయడం, రెండో వరస కార్నర్‌బ్యాక్ ఈ సీజన్‌లో ఆడిన ప్రతి స్నాప్ ఒక్క ఫోల్డర్‌లో పెట్టి అతనికే ముందు ఇవ్వు. 2024లో మార్షల్ యూనివర్సిటీ టీమ్ సన్‌బెల్ట్ లీగ్ ఛాంపియన్ అయి కూడా కోచ్ వెళ్ళిపోయి, చాలామంది పోర్టల్‌లోకి పోయి, ఇండిపెండెన్స్ బౌల్ నుంచే తప్పుకుంది. దాని బదులు 5-7 తో ఉన్న లూజియానా టెక్ వెళ్ళి అమెరికా సైనిక అకాడమీ టీమ్ ఆర్మీ మీద 27-6 తో ఓడింది. ఆర్మీ ఆడే ఆప్షన్ ఫుట్‌బాల్‌కి, అంటే బాల్ ఎవరికివ్వాలో క్వార్టర్‌బ్యాక్ ఆడుతుండగానే తేల్చే ఆటకి, తయారవ్వాలంటే స్కౌట్ టీమ్ దాన్ని నకలు చేయడం నేర్చుకోవడానికే రోజులు పడుతుంది, అర్ధాంతరంగా పిలిస్తే ఎవరికైనా కష్టమే. మీకు టైమ్ ఉంది, ఆ తేడా చిన్నది కాదు.

ఫైనల్స్ వారంలో ప్రాక్టీస్ తగ్గుతుంది, తగ్గాలి కూడా. క్లాసులున్నప్పుడు వారానికి 20 గంటలు, రోజుకి 4 అనే పరిమితి ఉంది, కుర్రాళ్ళు పరీక్షల కోసం రాత్రులు మేలుకుని వస్తారు, కాళ్ళు బరువుగా ఉంటాయి, ఆ వారం ఫిల్మ్ చూసి ఎవరి గురించీ ఒక అభిప్రాయానికి రాకు. నీ ఎమ్మెస్ పరీక్షలు కూడా అప్పుడే కదా, ఆ రెండు రోజులు సెలవు అడుగు, అడగడం తప్పు కాదు.

మూడు వారాలు ఆట లేకపోతే ముందు దెబ్బతినేది ట్యాక్లింగ్, ఆ తర్వాత కిక్కింగ్ గేమ్. బౌల్స్‌లో పంట్ (బాల్‌ని దూరంగా తన్నేసే కిక్) బ్లాకులు, స్నాప్ తలమీదుగా పోవడాలు ఊరికే జరగవు, అందరూ ప్లేల మీద పడి కిక్కులు చూసే స్పెషల్ టీమ్స్‌ని ఆఖరి పది నిమిషాలకి వదిలేస్తారు. కిక్ కోసం బాల్ వెనక్కి పంపే మీ లాంగ్ స్నాపర్‌ని ప్రతి ప్రాక్టీస్‌లో షూట్ చెయ్యి, స్నాప్ టైమ్ కొలిచి కోచ్ టేబుల్ మీద పెడుతూ ఉండు, అడిగేదాకా ఆగకు.

మీ బౌల్ ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో అన్నావు కాబట్టి ఇంకో రెండు మాటలు. అక్కడ టర్ఫ్ నీలం రంగు, 1986 నుంచీ అంతే. మీ జెర్సీ కూడా నీలమే కదా, ఏ రంగు వేసుకుంటున్నారో ఎక్విప్‌మెంట్ వాళ్ళని ముందే కనుక్కో, ముదురు నీలం మీద ముదురు నీలం అయితే పైనుంచి తీసిన ఫిల్మ్‌లో నంబర్లు కనపడక ట్యాగింగ్‌కి ప్రాణం మీదకొస్తుంది. మొదటి రోజు వాక్‌త్రూ (నడుస్తూ చేసే రిహార్సల్) అప్పుడే కెమెరా వైట్ బ్యాలెన్స్ సరిచూసుకో, గడ్డి పచ్చదనానికి పెట్టిన సెట్టింగ్ అక్కడ మొహాల రంగు మార్చేస్తుంది. చలికి బ్యాటరీలు చూస్తుండగానే దిగిపోతాయి, అదనంగా ఉన్నవి బ్యాగులో కాదు, జాకెట్ లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకో. 2024 నుంచి సైడ్‌లైన్ మీద ట్యాబ్లెట్లలో ఫిల్మ్ చూసుకోనిస్తున్నారు కదా, వాటిని కూడా హీటర్ దగ్గర్లో ఉంచు, మరీ ఆనించకు.

అక్కడికెళ్ళాక వారమంతా విందులు, గిఫ్టులు, ఫోటోలు ఉంటాయి. కుర్రాళ్ళని సంతోషంగా ఉండనివ్వాలి, నాలుగు వారాలుగా వాళ్ళ మొహాల్లో నవ్వు లేదు, గెలిస్తే కోచ్ నెత్తిన ఫ్రెంచ్ ఫ్రైస్ పోసే బౌల్ అది, ఆ సరదా వాళ్ళకి దక్కాలి. కానీ కొత్త ప్లేలు మాత్రం అక్కడ పెట్టకూడదు. ఊరికి బయల్దేరే ముందే గేమ్ ప్లాన్ మొత్తం అయిపోవాలి, హోటల్‌లో కూర్చుని ఇంకో పది ప్లేలు చేర్చడమంటే పరీక్ష ముందు రాత్రి కొత్త చాప్టర్ తెరవడమే. ఓడుతున్న టీమ్ కోచ్‌లకే ఈ ఆశ ఎక్కువ, ఏదో ఒక వింత ప్లేతో బయటపడదామని. తక్కువ ప్లేలు, ప్రతిదీ నిద్రలో లేపినా ఆడేంతగా, అంతే చాలు ఈ టీమ్‌కి. నిన్ను ప్లే షీట్ ప్రింట్ చేయమంటే పోయిన ఆట షీట్ కూడా పక్కన పెట్టి ఇవ్వు, ఎంత పెరిగిందో వాళ్ళకే కనపడుతుంది.

సీనియర్ల సంగతి మర్చిపోకు. వాళ్ళలో చాలామందికి ప్యాడ్స్ వేసుకునే ఆఖరి రోజు అదే. ఒక్కొక్కరిదీ నాలుగేళ్ళ ఫిల్మ్‌లోంచి ఒక్క నిమిషం కట్ చేసి బయల్దేరే ముందు రాత్రి టీమ్ మీటింగ్‌లో వేయొచ్చా అని కోచ్‌ని అడుగు, స్టార్‌లవే కాదు, ఒక్క స్నాప్ ఆడినవాడిది కూడా. స్నాపే లేనివాడిదైతే ప్రాక్టీస్ ఫిల్మ్‌లోంచి తియ్యి. ఇది రాత్రిళ్ళు కూర్చుని చేయాల్సిన పని, అయినా చెయ్యి.

ఫస్ట్ డౌన్ లెక్కలు తీసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఆదివారం ఫోన్ చెయ్యి, టేబుల్ ఎలా విడగొట్టాలో చెప్తా, కానీ ఫిల్మ్ మాత్రం నాకు పంపకు, అది టీమ్ బయటికి రాకూడదు. పిన్ని నీ కోసం వేళ్ళ కొనలు తెరుచుకునే గ్లవ్స్, థర్మల్స్ కొంది, పాత అపార్ట్‌మెంట్ అడ్రస్‌కే పంపమంటావా చెప్పు.

మీ బాబాయ్