నిద్ర పరీక్ష పట్టీలకు పాప చర్మం కందింది... మళ్లీ చేయించాలా?

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉంది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లవుతోందని ఆసుపత్రిలో రాత్రంతా నిద్ర పరీక్ష చేశారు. పట్టీలు తీసిన చోట బుగ్గలు కంది, పొర లేచింది. ఇంట్లో ఉన్న క్రీము పది రోజులుగా రాస్తున్నాను. పాప వైర్లు పీకేయడంతో పరీక్ష మళ్లీ చేయాలంటున్నారు. మానేయవచ్చా?

జవాబు: ముందు ఆ క్రీము సంగతి చూద్దామమ్మా. పేరు రాయలేదు. దురదకని ఇళ్లలో దాచుకునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టర్ చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందే. పసిబుగ్గలకు సొంతంగా రాస్తూ పోతే మాత్రం చర్మం పలచబడుతుంది. పలచబడిన చర్మం మీద మళ్లీ పట్టీ వేస్తే పొర ఇంకా తేలిగ్గా లేస్తుంది. పది రోజులు ఎవరికీ చూపించకుండా ఉండాల్సింది కాదు. డాక్టర్ చూసేదాకా దాన్ని ముఖానికి రాయకండి. వెళ్లేటప్పుడు ట్యూబు వెంట తీసుకెళ్లండి.

పరీక్ష మానవద్దు. నిద్రలో ఊపిరి ఆగడం నాకు బుగ్గల కంటే పెద్ద విషయం. పిల్లల్లో దీనికి ఎక్కువగా గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కండలు పెరగడమే కారణం. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది తేల్చడానికి ఈ పరీక్ష ఎంతో ఉపయోగపడుతుంది. కావాలంటే పుండ్లు మానేవరకు కొద్ది రోజులు ఆగవచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. అంతలో ఆయాసం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎగ్జిమా ఉందని, కిందటిసారి ఏమైందో టెక్నీషియన్‌కు ముందే చెప్పండి. సిలికాన్ పట్టీలు అడగండి. పట్టీ కింద సెన్సర్ పెట్టే ముందు చర్మాన్ని గరుకు జెల్‌తో రుద్దుతారు. పగిలిన చోట రుద్దవద్దనండి. ఆ రోజు తలకు నూనె, ముఖానికి మాయిశ్చరైజర్ వద్దు. అవి ఉంటే సెన్సర్ జారుతుంది, దాంతో ఇంకో పట్టీ వేయాల్సి వస్తుంది.

అసలు దెబ్బ తగిలేది తీసేటప్పుడే. తెల్లవారేసరికి అందరికీ తొందరే, నిద్రమత్తులో ఉన్న బిడ్డ ఏడుస్తుంటుంది, చర్రున లాగేస్తారు. మీరు పక్కనే ఉండండి. గోరువెచ్చని తడిగుడ్డ అద్ది, సెన్సర్ అతికించిన పేస్టు నాననివ్వాలి. పట్టీని పైకి లాగకూడదు. ఒక వేలితో చర్మాన్ని అదిమిపట్టి, అంచును వెనక్కి మడిచి, చర్మానికి ఆనించినట్లే మెల్లగా ఒలవాలి. తర్వాత కడిగి, పాపకు పడే మాయిశ్చరైజర్ రాయండి. ఎర్రని గుర్తులు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. బొబ్బలు, రసి కారడం, జ్వరం ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించండి. పాపను చూడకుండా ఇంతకు మించి చెప్పలేను.